దొరగారికి కుట్టిన లాగు

ఖాజా మామ ఫోను చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతి పిల్లల ఇంగ్లీషు పేపర్లు దిద్దుకుంటున్నాను. "పాపా, కొట్టు మూసేస్తాండా. ఈ నెలాఖరుకి ఎగ్జిట్ కొట్టించుకోని కడపకు పోతాండా, ఇంక తిరిగి రాను. మీ నాయిన రేకుడబ్బా ఒకటుండాది ఈడ. వచ్చి తీస్కపో" అన్నాడు. నాకు యాభై దగ్గర పడుతున్నా ఆయనకి నేనింకా పాపనే. నాన్న పోయి ఏడాది దాటింది. నరసాపురంలో ఆయన చొక్కాలు, కళ్ళజోడు, చేతికర్ర అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం. ఇక ఆయనవి ఏవీ మిగల్లేదనుకున్నాను. ఇక్కడ సౌదీలో, నేనుంటున్న ఖోబర్‌లోనే, మా ఇంటికి పావుగంట దూరంలో ఒక డబ్బా ఇన్నాళ్ళూ ఉందట. మూడు రోజులు వెళ్ళలేదు. పేపర్లు దిద్దాలని మా ఆయనతో అన్నాను. ఆయన నమ్మాడు. అసలు సంగతి, ఆ కొట్లో అడుగుపెట్టాలంటే నాకు భయం. ఎందుకో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

నాన్న పేరు దేవసహాయం. ఖోబర్ సందుల్లో ఒక దర్జీ కొట్లో ఆయనా ఖాజా మామా కలిసి పనిచేసేవాళ్ళు. ఖాజా మామ కత్తిరింపు, నాన్న కుట్టుపని. కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మంచివాడు కాబట్టి మాకు ఫ్యామిలీ వీసా దొరికింది. బకాలా పైన, అంటే కిరాణా కొట్టు పైన, రెండు గదుల ఇల్లు. పొద్దున్నే నాన్న లేచి గోడకేసి కూర్చుని గొంతు విప్పకుండా, పెదవులతోనే పాట పాడుకునేవాడు. ఆ తర్వాత పాలు లేని సులేమానీ టీ. ఆ తర్వాత కత్తెరకి నూనె. ఆయన చొక్కాకి ఎప్పుడూ సుద్ద వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన. ఒక్క విషయంలో మాత్రం ఆయనకి మహా గర్వం: కొలతలు రాసుకునేవాడు కాదు. మనిషి చుట్టూ టేపు తిప్పి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెదవులు కదిపేవాడు, అంతే. ఆ మనిషి రెండేళ్ళ తర్వాత వచ్చినా మెడ ఎంతో, మణికట్టు ఎంతో చెప్పేసేవాడు. "నీ బుర్రలో రిజిస్టరుందిరా దేవసహాయం" అని కొట్టుకొచ్చినవాళ్ళంతా అనేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి రోజూ చెప్పుకునేవాడు, అమ్మ రోజూ కొత్తగా వింటున్నట్టు వినేది.

అమ్మ లేసు అల్లేది. నరసాపురం వైపు ఆడవాళ్ళ చేతిలో ఆ సూది పుట్టుకతోనే ఉంటుంది కాబోలు. కూర పొయ్యి మీద ఉడుకుతుంటే ఇవతల కూర్చుని అల్లేది, ఫోన్లో మాట్లాడుతూ అల్లేది, నన్ను తిడుతూ కూడా అల్లేది. మా ఇంట్లో టీవీ మీద లేసు, నీళ్ళ కూజా మీద లేసు, నా స్కూలు సంచీ మూత మీద లేసు. సిగ్గుతో చచ్చేదాన్ని.

శుక్రవారం మేం దహ్రాన్‌లో విదేశీయులుండే ఒక కాంపౌండుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ చర్చిలకి అనుమతి లేదు కాబట్టి చర్చి అనేవాళ్ళం కాదు, "శుక్రవారం భోజనం" అనేవాళ్ళం. నిజంగా భోజనమూ ఉండేది, ఒక పెద్ద హాల్లో మడత కుర్చీలు, వెనక బల్ల మీద బిరియానీ గిన్నెలు. ముందు ప్రార్థన, తర్వాత పాటలు. తలుపు వేసి, గొంతు తగ్గించి. ఆ పాటల్ని మొదలుపెట్టేది ఈవన్ గారు. స్కాట్లండాయన, ఇంజినీరు, ఆరడుగుల పైన మనిషి, ఎర్రటి చెవులు. ఆయన గొంతెత్తితే, ఎత్తకూడదు కదా, అయినా ఆ తగ్గించిన గొంతులోనే హాలు నిండిపోయేది. నాన్నకి ఇంగ్లీషు ముక్క రాదు గానీ ఆయన పాటంటే ప్రాణం. "దొరగారు" అనేవాడు. ఆ ముందటేడు ఆయన భార్య పోయారు. అప్పట్నుంచి ఆయన పాడుతూ పాడుతూ ఒక్కోచోట ఆగి, కిటికీ వైపు చూసి, మళ్ళీ అందుకునేవారు.

ఒక సాయంత్రం ఆయన మా కొట్టుకి వచ్చారు. నాకప్పుడు పదకొండేళ్ళు. బడి అయ్యాక తెర వెనక కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఆయన చేతిలో కర్టెన్లు పెట్టుకునే పొడవాటి సంచీ. జిప్పు తీస్తే గొర్రె ఉన్ని వాసన, కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల ముదురాకుపచ్చ, నీలం గళ్ళ బట్ట, వెనక లెక్కలేనన్ని కుచ్చిళ్ళు, పక్కన తోలు పట్టీలు, బకిల్సు. కిల్టు, స్కాట్లండు మగవాళ్ళు కట్టుకునే పావడా. సరిగ్గా అప్పుడే అసర్ అజా, సాయంత్రపు నమాజు పిలుపు, వినబడింది. ఖాజా మామ నమాజుకి వెళుతూ షట్టరు సగం కన్నా కిందికి దింపేశాడు, అప్పట్లో దింపకపోతే మతపోలీసులు ఊరుకునేవారు కాదు. ఇంగ్లీషు కాస్తో కూస్తో వచ్చింది ఆయనకే. లోపల నాన్న, దొరగారు, నేను. "బుల్లీ, ఇటు రావే. ఏవంటున్నారో చెప్పు" అని నాన్న పిలిచాడు. ఇంగ్లీషు మీడియం పిల్లనని నాకూ పొగరే. వెళ్ళి నిలబడ్డాను.

ఈవన్ గారు నా ఎత్తుకి వంగి, నిదానంగా, ఒక్కో మాటా నాకు అందేలా చెప్పారు. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్నారు. వచ్చే శుక్రవారమే చివరిది. ఆ రోజు తన పెళ్ళికి చర్చిలో కట్టుకున్న ఈ కిల్టునే కట్టుకుని పాడాలని ఉంది. నడుము పట్టడం లేదు, పట్టీలు జరపాలి. ఇంతవరకూ చెప్పేశాను. తర్వాత ఆయన కొద్దిగా నవ్వి అన్నారు, దీని లోపల ఏం వేసుకుంటారని అందరూ మమ్మల్ని ఆటపట్టిస్తారు, మా రివాజు ప్రకారం ఏమీ వేసుకోం, కానీ నాకు ఒకటుంది. పెళ్ళికి ముందురోజు నా భార్య ఈ నడుము లోపలి అస్తరు గుడ్డ మీద, వెన్ను తగిలేచోట, తన చేత్తో నాలుగు మాటలు కుట్టింది. అవి నా ఒంటికి ఆనాలి. మధ్యలో ఇంకో గుడ్డ అడ్డు రాకూడదు. అస్తరు మాత్రం కదపొద్దని మీ నాన్నకి చెప్పు.

నేను విన్నాను. ప్రతి మాటా విన్నాను. వినపడలేదని, అర్థం కాలేదని అనుకుంటే ఎంత హాయిగా ఉండేదో! కానీ "లోపల ఏమీ వేసుకోరు" అన్న మాట దగ్గరే నా నోరు మూతబడింది. పదకొండేళ్ళ ఆడపిల్లని, మా నాన్న ముందు నిలబడి, ఆ పెద్దమనిషి లోపల ఏమీ వేసుకోరట నాన్నా అని ఎలా అననండీ? ముఖం కాలిపోయింది. ఆ మాట దాటకుండా తర్వాతి మాటలకి పోవడం నాకు చేతకాలేదు. "ఏవంటున్నారే అంతసేపు?" అన్నాడు నాన్న. "నాలుగు వేళ్ళు లూజు చెయ్యాలంట. జాగ్రత్తగా కుట్టమంటున్నారు" అన్నాను. "అంతేనా?" "అంతే నాన్నా." ఈవన్ గారు నన్ను అడిగారు, అంతా చెప్పావా తల్లీ అని. తలూపాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అదే కబురు. "గళ్ళ లుంగీకి కుచ్చిళ్ళు పోసినట్టుంది, మోకాళ్ళ పైకే!" అని నాన్న చెబుతుంటే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి లోపలేవన్నా వేసుకుంటారా ఏవండీ? ప్రార్థనకి కదా!" అంది. నాన్న నా వైపు చూశాడు. "ఏవే, ఏవన్నా అన్నారా?" నాకు రెండో అవకాశం వచ్చింది. చారులో వేలు ముంచి, "ఏమో, నాకు తెలీదు" అన్నాను. అమ్మకి ఆ మాత్రం చాలు. మా తాతయ్య కాలం నుంచీ మా వాళ్ళకదో పట్టింపు. ఎంత తెల్లటి పంచె కట్టినా లోపల లాగు లేకుండా గుళ్ళో, అంటే చర్చిలో, చాప మీద కూర్చోకూడదు. మగపిల్లలు గుమ్మం దాటేముందు తాతయ్య కర్రతో పంచె అంచెత్తి చూసేవాడట. "పాపం, ఆడతోడు లేని మనిషి. ఎవరు చూస్తారు ఆయనకి? మీరే ఒకటి కుట్టివ్వండి" అంది అమ్మ. నాన్న లేచి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి తన పెళ్ళినాటి పంచె తీశాడు. సగం చింపాడు. కాళ్ళ అంచులకి అమ్మ లేసు వేసింది. "లేసెందుకే, మగాడికి?" అంటే, "దొరలకి లేసంటే ఇష్టమండీ. కొనుక్కెళ్ళేది వాళ్ళేగా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

నాన్న కిల్టు కుట్లు విప్పేసరికి నడుము లోపలి అస్తరు చెమటకి నల్లబడి, చివికిపోయి ఉంది. దాని మీద ఎర్రదారంతో ఏవో అక్షరాలు. నరసాపురంలో చాకలి గుర్తులు చూసి పెరిగిన మనిషి, ఖోబర్‌లో లాండ్రీల వాళ్ళు ప్రతి గుడ్డకీ వేసే దారం గుర్తులు రోజూ చూసే మనిషి. అది కూడా లాండ్రీ గుర్తే అనుకున్నాడు. బ్లేడుతో అస్తరంతా కోసి తీసేశాడు. కొత్త పాప్లిన్ వేసి, చేతికుట్టు వేసి, పట్టీలు జరిపాడు. ఆ పని నేను చూశాను. తెర వెనక నుంచి బ్లేడు చప్పుడు విన్నాను. లేచి ఒక్క మాట అనలేకపోయాను. ఇప్పటికీ నాకు ఎక్కడైనా కుట్టు విప్పుతున్న చప్పుడు వినబడితే అక్కడ నిలబడలేను.

గురువారం ఈవన్ గారు వచ్చారు. కిల్టు తిరగేసి నడుము లోపల బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయారు. వెన్ను తగిలేచోట వేలు ఆగిపోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పాతది ఏదీ అని నన్నడిగారు. "పాత అస్తరేదని అడుగుతున్నారు నాన్నా" అన్నాను. నాన్న నవ్వుతూ, "చెత్తలోకి పోయింది, కుళ్ళిపోయిందమ్మా! కొత్తది ఊరికే వేశానని చెప్పు. ఇంకోటి కూడా కుట్టానని చెప్పు, లోపలికి. మా పెళ్ళి పంచె అని చెప్పు" అని లేసు అంచుల లాగు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. అంతా చెప్పాను. ఆ రోజు ఎక్కడా తడబడకుండా, ఒక్క ముక్క పోకుండా తర్జుమా చేశాను, నా బొంద! ఈవన్ గారు నాన్నని చూడలేదు. నన్నే చూశారు. నేను చెప్పింది మీ నాన్నకి చెప్పలేదా అన్నారు.

చెప్పాను, మా నాన్నే మర్చిపోయారు అన్నాను.

ఇంగ్లీషులో అన్నాను. నాన్న పక్కనే నిలబడి, లాగు పట్టుకుని, నేను తన పనితనం గురించి ఏదో చెబుతున్నాననుకుని సంబరంగా తలాడిస్తున్నాడు. ఈవన్ గారు కిల్టు మడిచి సంచీలో పెట్టారు. ఆ తర్వాత లాగు అందుకుని, మడిచి, నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు. చాలా మంచి పని అని మీ నాన్నకి చెప్పు అన్నారు. చెప్పాను. బయట మెట్ల మీద ఖాజా మామ టీ తాగుతున్నాడు. ఆయనతో ఏదో రెండు మాటలని వెళ్ళిపోయారు.

మర్నాడు హాల్లో ఆయన కిల్టు కట్టుకుని నిలబడ్డారు. పాట మొదలుపెట్టి, రెండో చరణంలో ఆగిపోయారు. ఎడమ చెయ్యి వెనక్కి వెళ్ళి నడుము మీద తడిమింది. మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ ఆ చెయ్యి వెనక్కి వెళ్ళింది. చివరికి మిగతావాళ్ళే పాట ముగించారు. మోకరించినప్పుడు అంచు కింద అమ్మ లేసు కనబడింది. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి మురిసిపోయింది. "వెళ్ళిపోతున్నాననే బాధ పాపం" అన్నాడు నాన్న. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఇన్నేళ్ళకీ చూస్తూనే ఉన్నాను. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే, వంటింట్లో చెయ్యి కడుక్కుంటుంటే, ఉన్నట్టుండి నా వెనక ఆ చెయ్యి దేన్నో వెతుకుతున్నట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

ఆ తర్వాత రెండు మార్పులొచ్చాయి, రెంటికీ నేను వేరే కారణాలు చెప్పుకున్నాను. నాన్న మళ్ళీ ఎప్పుడూ నన్ను కొట్లో మాట చెప్పడానికి పిలవలేదు. ఎదిగే ఆడపిల్లనని కాబోలనుకున్నాను. కొలతలు చీటీల మీద రాయడం మొదలుపెట్టాడు. "నాకు మతిమరుపు, గుర్తుండదు" అనేవాడు. అప్పటికింకా నలభై నిండని మనిషి! వయసు మీద పడుతోందని అమ్మ బెంగపడేది. నరసాపురం వెళ్ళిపోయాక కూడా వచ్చినవాళ్ళందరికీ దొరగారికి లాగు కుట్టిన కథ చెప్పి నవ్వించేవాడు. నేనున్నప్పుడు మాత్రం ఆ కథ ఎత్తేవాడు కాదు. నేను గుమ్మంలో అడుగుపెడితే మాట మార్చేవాడు. పిల్ల విని విని విసిగిపోయింది అనేవాడు.

నాలుగో రోజు ఖాజా మామ కొట్టుకి వెళ్ళాను. నేనే కారు నడుపుకుంటూ, మా అమ్మ చూసి ఉంటే నోరు వెళ్ళబెట్టేది. సందు చాలా మారిపోయింది. ఎదురుగా కాఫీ షాపు, అందులో ఆడపిల్లలు లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నారు. కొట్టు మాత్రం అలాగే ఉంది, నాన్న స్టూలుతో సహా. ఖాజా మామ బాగా వంగిపోయాడు. డబ్బా నా ముందు పెట్టాడు. సుద్దముక్కలు, బొత్తాలు, రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్టలు. అడుగున మడిచిన గుడ్డపేలిక. విప్పాను. నల్లబడిన తెల్లగుడ్డ మీద ఎర్రదారం అక్షరాలు, ఇంగ్లీషులో. "ఈవన్, నిటారుగా నిలబడు. నీ వెనకే ఉన్నాను." నేల మీదే కూర్చుండిపోయాను.

"ఇదెక్కడిది మామా? చెత్తలో పోయిందన్నారు కదా!"

"యాడికి పోతాది? పేలికల సంచిలోనే ఉండె. దొర వాళ్ళ దేశం పోయిన నెలకు కుర్చీకి దిండు కుడదామని సంచి ఇప్పితే పైకొచ్చె. ఇది లాండ్రీ గుర్తు గాదన్నా, రాత అని నేనే సదివి సెప్తి. ఆ పొద్దు మీ నాయిన అన్నం తిన్లా. దొర అడ్రసు కోసరం దహ్రానంతా తిరిగినాడు. ఎవురూ సెప్పలేకపోయిరి."

పేలికల సంచీ. ఆ గురువారం నా కాళ్ళ దగ్గరే ఉంది. నాకు తడిమి చూడాలని కూడా తోచలేదు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నీకు సెప్పొద్దన్నాడు. నీ తప్పేముండాది లేమ్మా? దొర సెప్పింది నువ్వు సెప్తివి, ఆయన మర్సిపోయినాడు. దొర గూడా పోతాపోతా నాతో అదే అనె, మర్సిపోయినాడంట, నేనేం అనుకోలేదని సెప్పు అని. ఏందో అప్పుడు నాకు తెలీలా, ఈ పేలిక సదివిన పొద్దే మీ నాయిన్ని అడిగితి, ఏమన్నా, నువ్వు గూడా మర్సిపోతావా అని. నీ పుస్తకాల సంచి ఆ మూల ఉండె, దాన్నే సూస్తా కూర్చున్యాడు. అప్పుడు సెప్పినాడు, అవును ఖాజా, పిల్ల చెప్పింది, నేనే మర్చిపోయాను అని."

ఖాజా మామ చీటీల కట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మర్నాటి నుంచే ఈ చీటీలు. రాసేవోడు, కాలరుకి పిన్ను గుచ్చేవోడు. ఒకటి సెప్పనా పాపా, కుట్టేటప్పుడు ఒక్కనాడూ వాటిని సూళ్ళేదు. సూడకుండానే కుట్టేవోడు, దారం పోగంత తేడా రాకుండా. మరి ఎందుకు రాసినాడో నాకు ఈ పొద్దుకీ తెలీలా."

నాకు తెలిసింది. నేను అబద్ధమాడి ఆయన మీద వేసిన మచ్చని ఆయన తీసి పారెయ్యకుండా, అది నిజమే అనిపించేలా, ఆ రిజిస్టరు బుర్రని చంపుకుని చీటీలు రాసుకుంటూ బతికాడు. నా కోసం. బావురుమన్నాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, టీచరుని, ఆ నేల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అసర్ అజా వినబడింది. ఇప్పుడు ఎవరూ షట్టర్లు దింపడం లేదు, ఎదుటి కాఫీ షాపు తెరిచే ఉంది. ఖాజా మామ మాత్రం అలవాటుగా లేచి సగం దించాడు. ఆ మసక వెలుగులో అన్నాను, "మామా, నాన్న మర్చిపోలేదు. నేనే చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. తర్వాత అబద్ధమాడాను."

ఆయన షట్టరు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నెమ్మదిగా వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి నాన్న స్టూలు దుమ్ము దులిపాడు. దాన్ని నా ఎదురుగా జరిపాడు.

"అయితే ఇప్పుడు సెప్పు" అన్నాడు.

గుడ్డ రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడ్డాను. "నాన్నా, దొరగారు ఏవంటున్నారంటే, దీని లోపల వాళ్ళు ఏమీ వేసుకోరట. ఆయనకి మాత్రం వాళ్ళావిడ కుట్టిన మాటలున్నాయట, నడుం వెనకాల. అవి ఒంటికి తగులుతుండాలట. పట్టీలు జరిపితే చాలట. అస్తరు మాత్రం కదపొద్దంటున్నారు నాన్నా."